కూత

"షిప్‌యార్డు సైరన్ మోగింది సార్,
అప్పుడే చూశాను వీణ్ణి, చేతిలో కత్తి"
సాక్షి బోనులోంచి వేలు చాపాడు కనకారావు.
మూడు వాయిదాలుగా అదే మాట.
ఒక్క అక్షరం తడబడలేదు.

సీనియర్ గారు రాలేదు.
నల్లకోటు చేతులు నాకింకా పొడుగే.
కిటికీ అవతల జగదాంబ జంక్షన్ హారన్లు.

మాది సింధియా.
నాన్న ముప్పై ఏళ్లు వెల్డరు.
ఆ కూతకే అమ్మ క్యారేజీ కట్టేది,
ఆ కూతకే నాకు జడ పడేది.

"ఆ రోజు ఏ వారం?" అన్నాను.
కాగితాలు తిరగేశారు. మళ్లీ తిరగేశారు.
ఆదివారం.

ఆదివారం సైరన్ మోగదు.
నాన్న పెరట్లో చేపలు తోముతూ ఉంటాడు,
కాకులు కూడా ఆలస్యంగా లేస్తాయి.

కనకారావు మింగిన గుటక
హాలంతా వినబడింది.

కేసు కొట్టేశారు.

మెట్ల మీద తాతబాబు
నా కాళ్లకి వంగబోయి, సగంలో ఆగి,
చెవి దగ్గరగా అన్నాడు:
"నిజమేనమ్మా, ఆ పొద్దున సైరన్ లేదు.
ఎంత నిశ్శబ్దమంటే
వాడి ఆఖరి ఊపిరి కూడా విన్నాను."

బీచ్ రోడ్డులో ఎంతసేపు నడిచానో.
క్యారేజీ
మూత తియ్యకుండానే ఇంటికి తెచ్చాను.