రెండు మెట్లు కిందికి

పోస్టర్లో మా నలుగురి ఫొటోలూ పాతవే.
కొత్తది తీయించుకుందామంటే
ఒకే ఫ్రేములో నిలబడ్డానికి
తవిటినాయుడూ కామేశూ ఇంకా ఒప్పుకోలేదు.
అంచేత జుట్టున్న నలుగురు కుర్రాళ్ళు
మూడు లాంతర్ల దగ్గర గోడ మీంచి
మమ్మల్నే చూస్తున్నారు,
వీళ్ళెవరర్రా అన్నట్టు.

సైరన్ అని మా బ్యాండు పేరు.
నెల్లిమర్ల జూట్ మిల్లు కూత దగ్గర అరువు తెచ్చుకున్నాం.
పందొమ్మిదేళ్ళయ్యాక మళ్ళీ నాలుగు ఊళ్ళు, నాలుగు రాత్రులు.
డ్రమ్ముల సన్నిబాబు రెండు ఆటోలు అమ్మేసి
వ్యాను మాట్లాడాడు.
"నా కాడ డబ్బులున్నాయి, మీ కాడ ఊపిరుంది,
రెండూ అయిపోకముందే కానిచ్చీండిరా" అన్నాడు.

నేను బేసు వాయిస్తాను.
బేసు వాయించేవాణ్ణి ఎవరూ చూడరు.
కాబట్టి నేను అందర్నీ చూస్తాను.

విడిపోయింది ఒక అట్టముక్క దగ్గర.
క్యాసెట్టు మీద "సి షిఫ్టు" పాట పక్కన
కామేశు పేరొక్కటే అచ్చయింది.
ఆ మాటలు తవిటినాయుడివి.
రాత్రి డ్యూటీ దిగి
కనుబొమల్లో జనపనార పీచుతో
సైకిలు తొక్కుతూ కట్టుకున్నవి.
ప్రెస్సువాడి తప్పన్నాడు కామేశు.
ఇచ్చిన కాగితంలో ఉన్నదే వేశానన్నాడు ప్రెస్సువాడు.
బొబ్బిలి స్టేషన్లో, రాయగడ పాసింజరు కూత వేస్తుంటే
తవిటినాయుడు ఆ అట్టని నాలుగు చేసి
తలో ముక్కా పంచాడు, ప్రసాదంలా.
నా ముక్క మీద ధర ఉంది. ఇరవై అయిదు రూపాయలు.

ఇప్పుడు అదే బొబ్బిల్లో
కామేశు గిటారు బ్రిడ్జి ఊడిపోతే
గొల్లపల్లిలో వీణలు చేసే ఒకాయన
పనస చెక్క చెక్కి అతికించాడు.
"మా కర్ర కదా బాబూ, కాసింత గమకం పలుకుద్ది."
డబ్బులు పుచ్చుకోలేదు.
రాజాంలో వాన.
ఆమదాలవలసలో సౌండు బాక్సుల కుర్రాడు
వైర్లు చుడుతూ అడిగాడు,
మీది ఏ దేవుడి భజన అని.

వ్యానులో వాళ్ళిద్దరికీ మాటల్లేవు.
"దగ్గొస్తంది, కిటికీ ముయ్యమను వాణ్ణి" అని నాతో ఒకడు.
"మూస్తే నాకు ఊపిరాడదని చెప్పు" అని నాతోనే ఇంకొకడు.
పందొమ్మిదేళ్ళు పార్సిలు కౌంటర్లో కూచున్నవాణ్ణి,
ఇటుది అటు అందించడం నాకు కొత్తేం కాదు.

ఆఖరు రాత్రి శ్రీకాకుళం.
నాగావళి మీంచి చల్లగాలి, కుర్చీలు సగం ఖాళీ.
లిస్టులో పాటలన్నీ అయిపోయాయి.
వెనక వరసలో లుంగీ మనిషొకడు, ముసలాడు,
రెండు చేతులూ నోటికి దోనెలా పెట్టి అరిచాడు:
"సి షిఫ్టూ!"

మేం నేర్చుకోలేదది. అనుకోనూ లేదు.
తవిటినాయుడి గొంతు
ఇప్పుడు ఆ పల్లవి మెట్టు దాకా ఎక్కదు.
కామేశు మాటేమో మా అందరికీ బట్టీయే:
"పాట కోసం గొంతు ఎక్కాలి,
గొంతు కోసం పాట దిగదు."
ఆ మాటకి ఇద్దరు గాయకులు పారిపోయారు మా దగ్గర్నించి,
తవిటినాయుడు వచ్చేదాకా.

గిటారు మొదలైంది.
నా వేళ్ళు పాత చోటికి వెళ్ళాయి. అపశ్రుతి.
చూద్దును కదా,
కామేశు చెయ్యి
రెండు మెట్లు కిందికి దిగి ఉంది.

పల్లవి దించి వాయించడం ఎవడైనా చేస్తాడు.
నడుమ వచ్చే ఆ పొడుగాటి ముక్క,
వేళ్ళు మెలిపడే ముక్క,
అప్పటికప్పుడు దించితే వచ్చేది కాదు.
ఎన్ని రాత్రులు సాధన చేశాడో,
ఎవరికీ వినపడకుండా,
అడుగుతారో లేదో తెలియని పాటని.

తవిటినాయుడు తిరిగి చూడలేదు.
మైకు పట్టుకున్న చెయ్యి మాత్రం కొంచెం జారింది,
మళ్ళీ సర్దుకుంది.
పాడాడు.

తిరుగు దారిలో, చిలకపాలెం దాటాక,
అతనే లేచి కిటికీ తెరిచాడు.
దగ్గుతూ కూచున్నాడు.
కాసేపటికి కామేశు చెయ్యి చాచి
సగం మూశాడు.

నాతో ఎవరూ ఏమీ చెప్పమనలేదు.