ఏడు కర్రలు, నలుగురం

మిల్లులో తుక్కు వేలం వేసిన రోజు
తవిటినాయుడు మూడొందల యాభైకి పాడుకున్నాడు
తోలూడిన సంచి, అందులో ఏడు కర్రలు.
"ఏటివి?" అన్నాడు అసిరిబాబు.
"ఎప్పుడో దొరలు ఆడుకున్నవి.
ఇప్పుడు మనవి."

అలా మొదలైంది నెల్లిమర్లలో గోల్ఫు,
రైలుకట్టకీ చంపావతి ఏటికీ మధ్య,
నువ్వులు చల్లినా పండని బీట్లో.
తొమ్మిది గుంటలకి చోటు చాల్లేదు. ఐదు తవ్వాం.
ఒక్కోదాంట్లో ఒక పాలపిండి డబ్బా దింపాం.
మొదటి జెండా ఎర్రగుడ్డతో కట్టాం గానీ
రైలు ఆగిపోతే ఎవడు జవాబు చెప్తాడని
పోలారావు పెళ్లాన్ని అడిగితే
పాత పచ్చలంగా చింపి ఇచ్చింది,
"ఇదేటి ఆటర్రా నాయనా" అనుకుంటూ.

పచ్చిక మాట ఎత్తకండి, అది మేకలది.
గుంట చుట్టూ ఏటి ఇసక పోసి
గోనెపట్టాతో ఈడ్చి సాపు చేస్తాం.
పట్టా మేం నేసిందే.
ముప్పై ఏళ్లు ఎవరి ఉల్లిపాయలకో, ఎవరి సిమెంటుకో నేశాం.
మా సరదాకి పనికిరావడం ఇదే మొదలు.

రూల్సు నేనే రాశాను, బోనసు కాయితం వెనక.
మేక తన్నిన బంతి ఎక్కడాగితే అక్కణ్ణించే.
చీమలపుట్టలో పడితే ఏడవచ్చు, జరపకూడదు.
బంతి ఆగేదాకా రెండో దెబ్బ లేదు.
దొంగలెక్క చెప్పినవాడు అందరికీ టీ పోయించాలి.
ఈ ఆఖరిదాని పుణ్యమా అని
సూరమ్మ టీకొట్టుకి రేకుల కప్పు పడింది,
అసిరిబాబు ఖర్చుతో.

అరవై దెబ్బలు కొడితే
యాభైతొమ్మిది మట్టికే తగుల్తాయి నాకు.
లేచిన పెళ్లల్లో పెసలు చల్లుకోవచ్చు.
కానీ ఒకటుంటుంది.
తగిలినట్టు చేతికే తెలీదు.
ఒక్క పోగూ తెగకుండా నాడె
అటూ ఇటూ పరిగెట్టిన పూట
మగ్గం ముందు ఎలా ఉండేదో అలా,
ఒంట్లో ఎముకలన్నీ ఒకే మాట మీదకి వచ్చినట్టు.
టిక్కుమంటుంది. అంతే.
తలెత్తేసరికి తాటితోపు మీద తెల్లటి చుక్క.
ముగ్గురూ నోరు మూసుకుంటారు, ఒక్క నిమిషం.
వాళ్ల నోళ్లు మూయించడం
మిల్లు సైరనుకే చేతనయ్యేది.

మొన్న మార్గశిరంలో, మంచు ఇంకా విడలేదు,
పోలారావు, ఎడం మోకాలు వంగనివాడు,
బంతిని తిట్టకుండా ఎన్నడూ కొట్టనివాడు,
లాగి ఒక్కటిచ్చాడు మూడో గుంట దగ్గర.
బంతి కట్టకేసి లేచింది.
అప్పుడే గూడ్సు. ఖాళీ వేగన్లు, గడగడా.
చెంబులో రూపాయి పడ్డట్టు
చప్పుడు విన్నాం, నలుగురం విన్నాం.
గార్డు చెయ్యూపాడు, ఏమనుకున్నాడో మరి.

టీ దగ్గర అసిరిబాబు గడియారం చూసి,
"చీపురుపల్లి దాటేసుంటాది.
పొద్దెక్కేసరికి పలాస. రాత్రికి ఖుర్దా."
నేను కాయితం తీసి మూడో రూలు పైకి చదివాను.
"అయితే నా వొంతు ఇంకా అవ్వనేదన్నమాట"
అన్నాడు పోలారావు, గ్లాసు ఊదుకుంటూ.

అప్పట్నుంచీ మూడో గుంట దగ్గర ఆడడు.
గోనెపట్టా మీద కాలు చాపుకుని
బీడీ ముట్టించుకుని
మా దెబ్బలకి వంకలు పెడతాడు.
ఆ మెట్ట ఎక్కి దిగడం
ఆ మోకాలివల్ల కాదని
మా అందరికీ తెలుసు.
"నీ బంతి ఆగిందేటి?" అని అడుగుతాం.
"కబురు రాలేదు" అంటాడు.

నాయుడూ, నీ వంతు.
ఆ మేకని తప్పించి కొట్టు, ఎండెక్కిపోతోంది.