రెండు గుర్తులు ఒక గీతలో

పడవ రాలేదు.
ఫారో దీవుల్లో పొగమంచు దిగితే
ఎదుటి దీవి ఉందన్న మాట కూడా నమ్మాల్సిందే.
పాదిరి ఫోనులో "నువ్వే కానిచ్చెయ్, ట్రోండుర్" అన్నాడు,
వల లాగమన్నంత తేలిగ్గా.

హైనీ పెట్టె అప్పటికే చర్చిలో ఉంది.
తారు పూసిన గోడలు, కప్పు మీద గడ్డి,
ముప్పై ఒక్క మంది, వాకిట్లో అతని కుక్క.

నాకీ మధ్య అచ్చు ఆనదు.
పాత గ్రంథంలో అయితే వేలు తనే వెళ్లేది:
చేపనూనె మరక దాటితే ఏడుపులు,
కుట్టు ఊడిన చోట పాటలు.
ఇప్పుడిది పలక. వేలు పెడితే జారే గాజు.

హైనీయే నేర్పాడు పోయిన చలికాలం,
గొర్రెల ఉన్ని వాసన పోని చేతులతో:
"పేరంతా కొట్టకు, మూడక్షరాలు చాలు.
ఖాళీ. అంకె. చుక్క. అంకె.
ఒక్కో పేజీ తిప్పుకుంటూ పోవడం తెడ్డు వెయ్యడం.
ఇది మోటారు."
ఎడమన ఒక కిటికీ, కుడిన ఒక కిటికీ తెరిచి
రెండిటికీ లంకె వేశాడు,
ఒకటి కదిలితే రెండోది వెంట నడిచేట్టు.
"తల్లి గొర్రే, పిల్లా" అన్నాను.
"అంతే. దారి తప్పావా, ఇదిగో ఈ వెనక్కి బాణం.
పక్షిగుడ్లకి తాడు మీద కొండ దిగుతామే, అలాగ.
పైన ఎవరో పట్టుకునే ఉంటారు."

సున్నేవా ముందు బల్ల మీంచి లేచి వచ్చింది.
"ఆయనకిష్టమైంది చదువు. అదే, గాలిది."
అంకె చెప్పలేదు. ఆమెకి అంకె తెలీదు,
అతని గొంతు ఎక్కడ తగ్గేదో తెలుసు.

గాలి అని కొట్టాను.
మూడొందల చిల్లర.
ఇంత గాలి వీస్తున్న పుస్తకాన్నా
ఇన్నేళ్లూ చంకలో పెట్టుకు తిరిగాను?
పైనుంచి కిందికి జరుపుతూ, జరుపుతూ
నడిసముద్రంలో చేపల తావు దొరకని
కొత్త కుర్రాడినైపోయాను.
ఆర్గన్ దగ్గర మార్నా
అదే కీర్తన మూడోసారి ఎత్తుకుంది.

మా నాన్న అనేవాడు: నీళ్ల మీద గీతలుండవురా.
చర్చి శిఖరం నల్లబండ అంచు మీదికి రావాలి,
ఉత్తరాన జలపాతం రాతిదొడ్డి వెనక్కి నక్కాలి.
రెండు చూపులూ కోసుకున్న చోట గాలం వెయ్యి.
ఒక్క గుర్తుతో ఎవడూ చేప పట్టలేదు.

రెండో గుర్తు.
హైనీ ఆ కథలో ఎక్కడ నవ్వేవాడు?
పడవలోకి నీళ్లొచ్చి అందరూ గోల పెడుతుంటే
వెనకాల ఒకాయన నిద్రపోతుంటాడు, తల కింద పెట్టుకుని.
"నేను నమ్మింది ఆ తలగడ వల్లేనయ్యా.
కల్పించి చెప్పేవాడికి తలగడ తట్టదు."

గాలి. తలగడ.
ఒక్కటే తేలింది.

చదివాను. బాగానే చదివాను.
సున్నేవా కళ్లు మూసుకుని
నాకంటే ఒక మాట ముందు పెదాలు కదిపింది.

తర్వాత, మొదట అనుకున్న చోటికి పోదామని
వెనక్కి బాణం నొక్కాను.
వెతుకులాట వచ్చింది. పొద్దున నేను చూసుకున్నవి వచ్చాయి.
అలవాటుగా ఇంకోసారి నొక్కాను. ఇంకోసారి.
నా అడుగులు అయిపోయాయి.
ఇది పోయిన మంగళవారంది,
గొర్రెల వెంట కొండకొమ్ముకి వెళ్లే ముందు
అతను తెరిచిన చోటు.

అక్కడ ఓదార్పేమీ లేదు.
వట్టి జాబితా. ఫలానా వాడి కొడుకులు ఇంతమంది,
చెర నుంచి తిరిగొచ్చిన వాళ్ల లెక్క,
ఒంటెలు ఇన్ని, గాడిదలు ఇన్ని.
గీత గియ్యలేదు, జెండా గుచ్చలేదు.
ఎందుకు తెరిచాడో.
వేలు జారిందో,
తన మందని లెక్క పెట్టుకోవాలనిపించిందో.

అందరూ నా వైపు చూస్తున్నారు.
ముందుకు బాణం వెలుగుతూనే ఉంది,
నాలుగుసార్లు నొక్కితే రేవులో ఉంటాను.

నొక్కలేదు.
పేర్లు చదవడం మొదలుపెట్టాను,
నోరు తిరగనివి తిరగనట్టే,
గాడిదల దాకా.
వాకిట్లో కుక్క లేచి ఒళ్లు దులుపుకుంది.