ఏడో స్క్రూ

ఎక్స్‌రేని కిటికీ అద్దానికి ఆనించి చూశాడు అనక్లేతో,
వల్పరాయిసో రేవులో నలభై ఏళ్లు పడవలు చెక్కినవాడు.
మోకాలి కింద పలక. ఏడు స్క్రూలు.
"ఏడోది వంకరగా దిగింది.
నా పడవైతే విప్పించి మళ్లీ బిగించేవాణ్ణి."

చెల్లెలు ఒతీలియా నవ్వలేదు.
ఉత్తరాలు పంచే మనిషి. కొండంతా మెట్లే ఆ ఊళ్లో
ఏ గడపకి ఎన్నో ఆమె కాళ్లకే తెలుసు.
ఇప్పుడా లెక్క అరికాలు మరిచిపోయింది.

మొదటి వారం, మంచం నుంచి కిటికీ.
మూడో వారం, చంకకర్రలతో గడప.
దాటితే పద్నాలుగు మెట్లు;
నాలుగోదాని మీద పడుకునే గోధుమరంగు కుక్క
లేచి దారివ్వలేదు.
పక్కకి తిరిగి దిగడం అలా వచ్చింది.

చలికాలం వానని
సముద్రం మీద మబ్బుకన్నా ముందే
కాలిలో లోహం చెప్పేది.

ఆరో నెల ఎక్స్‌రే ముందు
అనక్లేతో చాలాసేపు నోరు మెదపలేదు.
విరిగిన గీతని వేలితో వెతికాడు.
వంకర స్క్రూని కూడా
ఎముక తనదనుకుని కౌగిలించుకుంది.
"చెక్క ఇలా చెయ్యదు," అన్నాడు చివరికి,
"కొట్టేసిన మానుకి పడ్డ చిల్లు చిల్లే."

ఒతీలియా అప్పటికే సంచీ భుజాన వేసుకుంది.
ఒక్కటే కవరు. ఎవరిదో నీళ్ల బిల్లు.
నూట ఆరు మెట్లు పైన.

కుక్క ఈసారీ లేవలేదు.