ఉక్కు రింగు

ఎలక్షన్ నోటిఫికేషన్ వచ్చిన మూడో దినం
అచ్చంపేట ఠాణా వరండాల తుపాకుల తిరునాళ్ల.
నేను స్టేషన్ రైటర్ను. నా పని రాసుకునుడు:
పేరు, ఊరు, లైసెన్సు నంబరు, తూటాలెన్ని.

ఒక కాంట్రాక్టరు కొత్తది తెచ్చిండు,
నల్ల ప్లాస్టిక్కు మడమ, దూది లెక్క తేలిక.
బల్ల మీద పారేసి ఫోన్ల మాట్లాడుకుంట పోయిండు.
రశీదు డ్రైవర్ తీస్కున్నడు.

అందరైనంక వస్తది చెవుల ఈదమ్మ.
చంటిపిల్లను దవాఖానకు తెచ్చినట్టు
గొంగడిల చుట్టి తెస్తది.
బెల్జియం మాలు. పన్నెండు బోరు. గూని వీపు.
అక్రోటు కర్ర, బుగ్గ ఆనేకాడ రంగు పోయి
తొక్కి తొక్కి అరిగిన గడప లెక్క నున్నగ.
"గొట్టం మీద బరువెయ్యకు బిడ్డా,
దీనికి గొట్టమే కదులుతది."

నిజమే.
పేలినప్పుడు గొట్టం గొట్టమంత ఎనక్కి ఉరుకుతది,
భుజాన్ని గుద్ది ముందుకొస్తది,
అప్పుడు ఇంకో తూటాను మింగి నోరు మూస్తది.
రెండు చప్పుళ్లు. తన దెబ్బ తనే తిని
ఆ దెబ్బతోనే మళ్ల తయారైతది.
ఇప్పటివాటికి ఏ తూటా ఏసినా నడుస్తది,
మనిషిని ఏమీ అడగవు.
ఇది అడుగుతది.

ఆమె మామ పోశాలు, దొర షికారుకు పోతే
ఈ తుపాకి మోసేటోడు.
విప్పుడు, తుడుసుడు, నూనె పూసుడు ఆయనదే.
దొరకు పేల్చుడే తెల్సు.
ముందు కర్ర గుంజితే లోపట స్ప్రింగు,
ఒక కంచు పట్టీ, ఒక ఉక్కు రింగు.
పెద్ద మందు తూటాకు రింగు స్ప్రింగు పైన,
చిన్నదానికి కింద.
గంతే ఇగురం.

ఒకనాడు మన్ననూరు అడవిల
జింక తప్పిందని దొర
పోశాలు తమ్ముణ్ని చెప్పుతోటి కొట్టిండు.
పోశాలు ఏమనలే.
రాత్రి నెగడు పక్కన కూసోని
ఎప్పటిలెక్కనే విప్పిండు, తుడిచిండు,
రింగును పైనుంచి తీసి కిందేసిండు.
తెల్లారి పెద్ద తూటాలందిచ్చిండు.

నెల దినాలు దొర భుజం నేరేడు పండు.
"ఈ తుపాకి మంచిది గాదు" అన్నడు దొర.
"అవును దొరా" అన్నడు పోశాలు.

గడీ అమ్ముకోని పట్నం పోయేనాడు
పోశాలుకు ఆరేండ్ల జీతం బాకీ.
పైసల్లేవు, తన్నే తుపాకి ఉన్నది, తీస్కపొమ్మన్నడు.
కాయితాలు చేయించుకోని ఇంటికి తెచ్చిన పోశాలు
కాళ్లన్న కడుక్కోకముందే
రింగును మళ్ల పైకేసిండట.

పోయిన ఏడు హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చిండు,
పాతవాటి మీద మోజు,
లక్షా ఇరవై వేలంటడు.
"రింగు సంగతి ఎర్కనా సారూ?" అన్నది ఈదమ్మ.
పేల్చనమ్మా, అద్దాల బీరువాల పెడ్తనన్నడు.
ఆమె చాయ్ పోసింది, బస్సు టైం చెప్పింది.
పల్లి చేన్ల పందులు పడ్డనాడు
మొగులు దిక్కు ఒక్కటి పేల్చాలె గద,
బీరువాలున్నది ఎట్ల పేల్చుతది?

మొన్న నైట్ డ్యూటీల నాకు మనసాగలే.
ఇది రిజిస్టర్ల రాసేది గాదు.
మాల్ రూం బీగం తీసి, మూత తిప్పి, కర్ర గుంజి చూసిన.
ఆమె సంచిలున్నయి అయిదు పెద్ద మందు తూటాలు.
రింగు కిందున్నది.

మర్సిపోయిందనుకున్న.
తర్వాత నవ్వొచ్చింది, ఆ చీకట్ల, ఒక్కణ్నే.
ఎట్లున్నదట్ల బిగిచ్చి పెట్టిన.

కౌంటింగైన వారానికి ఈదమ్మ వచ్చింది.
తుపాకిని గొంగడిల చుట్టుకుంట, తూటాలు లెక్కవెట్టుకుంట,
నా మొఖం గాదు, కుడి భుజం దిక్కు చూసింది.
"పానం మంచిగున్నదా బిడ్డా?"

మంచిగనే ఉన్నదమ్మా అన్న,
రశీదు మీద వేలిముద్ర ఏడెయ్యాల్నో చూపిచ్చుకుంట.