పదకొండు గళ్ళు

చినవాల్తేరులో, సముద్రం వినబడనంత లోపలి గదిలో
నాకొక కంప్యూటరు, చక్రం ఊడిన కుర్చీ,
రెండు వందల పన్నెండు మంది.
మనుషులు కారు, వరుసలు.
ఒక్కో వరుసకి పదకొండు గళ్ళు.
ఉందంటే ఒకటి, లేదంటే సున్నా.

అనుకున్నదానికన్నా ఎక్కువ పీల్చావా?
మానాలనుకుని మానలేకపోయావా?
దాని వెనకే తిరిగి పూటలు పోగొట్టావా?
ఇంట్లో గొడవైనా ఆగలేదా?
ఇలా.

రెండొస్తే జబ్బు. ఆరొస్తే ముదిరిన జబ్బు.
ఒకటే వస్తే ఏమీ లేదు, వెళ్ళిరా బాబూ.
ఎక్కడో చలిదేశంలో బల్ల చుట్టూ కూర్చుని
ఒకటికీ రెండుకీ మధ్య గీసిన ఆ గీత
మా ఆర్కేబీచ్ ఉక్కలో చెమటకి కాస్త చెదిరినట్టుంటుంది నాకు.
పైకి అనను. లెక్క కట్టేవాడు అనకూడదు.

తెల్లపొడి పెద్దోళ్ళ సరుకంటారు.
నా వరుసల్లో రుషికొండలో రాత్రిళ్ళు పాటలు కలిపే కుర్రాడున్నాడు,
ఓడ దిగొచ్చిన సెకండ్ ఇంజనీరున్నాడు,
సీతమ్మధార పళ్ళ డాక్టరున్నాడు,
ఆయన కారు తోలే బంగార్రాజున్నాడు:
డాష్‌బోర్డు మీద మిగిలింది వేలితో అద్దుకునేవాడు.

ప్రతి ప్రశ్నకీ ఒక వంపు గీస్తాను.
కింద చదును, నడుమ ఎక్కుడు, పైన మళ్ళీ చదును,
ఇసుకలో నడిచి నడిచి కైలాసగిరి ఎక్కినట్టు.
ఎక్కుడెంత నిటారైతే ప్రశ్న అంత గట్టిది;
ఇటువాళ్ళని ఇటే ఉంచి, అటువాళ్ళని అటు దాటిస్తుంది.

పాత ఫారాల్లో పన్నెండో గడి ఉండేది:
పోలీసుల దాకా వెళ్ళిందా?
దాని వంపు గీస్తే అసలు కొండే లేదు.
అది జబ్బుని కొలవలేదు, జేబుని కొలిచింది.
బంగార్రాజుకి ఒకటి, డాక్టరుగారికి సున్నా.
తీసేశాం.
తీసేశాక బంగార్రాజుకి మిగిలింది ఒకటే.
వెళ్ళిరా బాబూ.

ఇక నాలుగో గడి.
"మాదకద్రవ్య సేవనం పట్ల తీవ్రమైన వాంఛ కలుగుచున్నదా?"
సున్నా, సున్నా, సున్నా.
ఆరు దాటినవాళ్ళు కూడా సున్నా.
ఇదీ పనికిరాదు, తీసెయ్యమంది కంప్యూటరు.
నేనూ తీసేసేవాణ్ణే,
ఫారాలు మోసుకొచ్చిన ఎర్నమ్మ నా భుజం మీంచి చదవకపోతే.

"వాంఛేటి బాబూ, సినిమా పేరా?"

హాల్లో క్యారమ్స్ బోర్డు.
బంగార్రాజు తన డాక్టరుగారి వంతు అయ్యేదాకా ఆడుతున్నాడు.
ఎర్నమ్మ వెళ్ళి పక్కన చతికిలబడింది.
"ఒరే, పేనం లాగేత్తందేట్రా?"

అతను ఔననలేదు.
బోర్డు మీద చల్లిన పౌడరు వంక చూశాడు.
చూపు తిప్పుకున్నాడు.
కిటికీ చూశాడు, ఫ్యాను చూశాడు, తన చెప్పులు చూశాడు.
మళ్ళీ పౌడరు చూశాడు.

దొరికినవాళ్ళని, అరవై మందిని, మళ్ళీ అడిగాం,
ఎర్నమ్మ మాటతోనే.
నేలమీద పడుకున్న వంపు నడుం ఎత్తింది.
పదకొండిట్లో అంత నిటారు కొండ ఇంకోటి లేదు.

బంగార్రాజుకి నిన్నటిదాకా ఒకటి, ఇవాళ రెండు.
రాత్రికి రాత్రి జబ్బు పెరగలేదు.
పోనీ, నిన్న లేదా?
ఒక మాట మారిస్తే ఒక మనిషి గీత దాటాడు.
మిగతా నూట యాభై రెండు మందిలో
ఎందరు ఇంకా "వాంఛ" దగ్గరే ఆగి ఉన్నారో
పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో
పొరపాటుకి అవకాశం అని రాస్తాను.
చిన్న అక్షరాల్లోనే రాయాలట.

ఆ సాయంత్రం ఎర్నమ్మ ఎవరికీ చెప్పకుండా
బోర్డుని తడిగుడ్డతో తుడిచింది.
మర్నాడు స్ట్రైకరు జారడం లేదని
పళ్ళ డాక్టరుగారు చాలాసేపు విసుక్కున్నారు.
పౌడరు డబ్బా ఏదని మూడుసార్లడిగారు.

దీనికి నా దగ్గర గడి లేదు.