మసి

పర్లాకిమిడిలో వాన మూడో రోజు.
మహేంద్రగిరి కనిపించడం మానేసింది.
కొమ్ము బొమ్మల వీధిలోంచి
ఆకురాయి చప్పుడూ, కాలిన కొమ్ము వాసనా
మా కొట్టు గడప దాటి లోపలికొచ్చి కూర్చున్నాయి.

బల్ల మీద గోనెపట్టా. పట్టా మీద మూడు తుపాకులు.
కాశీనగరం హైమవతి టీచరు
ప్లాస్టిక్ సంచీలోంచి లైసెన్సు కాగితం తీసి
తడవలేదని రెండుసార్లు చూసుకుంది.
వచ్చే మాఘంలో కటకంలో పోటీ.
బస్తా మీద ఆనించి మూడొందల మీటర్లు కొట్టాలి.
"వీటిలో ఒకటి తీసుకుని నాకోసం కట్టండి."

నేనైతే మొదటిదే అన్నాను. ఎవరడిగారని?
జమీ బంగళా సరుకు.
ఇనుము మీద లేళ్ళు దూకుతున్నాయి.
గొట్టంలోకి చూస్తే తోమిన కంచు గిన్నె.
దండాసి ఆచారి తాత గొట్టంలోకి చూడనేలేదు.
బోల్టు లాగి, నెట్టి, చెవి పక్కన పెట్టుకున్నాడు
పుచ్చకాయ కొనేవాడిలా.
"ఒంటి మీద ఒక నంబరు, బోల్టు మీద ఇంకోటి.
ఎవుడిదో తెచ్చి దీనికి తొడిగీసినారు.
ఎరువు సొమ్ము, బరువు సేటు."

రెండోది ఇషాపూరుది. మంచిదే పాపం.
నలభయ్యేళ్ళు పందుల నుంచి చేలు కాసింది,
ఒక్కసారీ అబద్ధమాడలేదట.
తాత దాన్ని ప్రేమగా తుడిచి పక్కన పెట్టాడు.
"తాళం ఎనకనుంది. మనకి ముందర కావాల.
దానికేటి తెలుసు, ఎవులో అలాగ పుట్టించినారు."

మూడోదాని గురించి చెప్పాలంటే నాకే సిగ్గు.
గుణుపురం డీలరు తూకానికి అమ్మినట్టు అమ్మిన మౌజరు.
కర్రని చెదలు సగం చదివేశాయి.
గొట్టం నిండా తుప్పు బొరియలు.
తాత కర్ర విప్పి పారేశాడు. గొట్టం విప్పి పారేశాడు.
మిగిలింది జానెడు.
ఆముదం దీపం మసి వేలితో తీసి
బోల్టు చెవులు రెంటికీ కాటుకలా పూశాడు.
మూశాడు. తెరిచాడు.
కిటికీ దగ్గర వాన వెలుతురులో చాలాసేపు చూశాడు.
రెండు చెవుల మీదా మసి ఒకేలా చెరిగింది.

"కర్ర మార్సీగలం. గొట్టం మార్సీగలం.
ఇది వంకరైతే ఏ దేవుడూ సాపు సెయ్యలేడు.
సర్కారోడి నంబరు కూడా దీని మీదే ఉంతాది సూడు."

మా బోర్డు మీద ఒడియా అక్షరాలు.
లోపల పద్దు పుస్తకం తెలుగు.
గల్లాపెట్టె మీద ఏ భాషా లేదు.

అప్పుడు చెప్పింది టీచరు, తప్పు ఒప్పుకున్నట్టు:
"తాతా, నాది ఎడమ చెయ్యి."

వీధిలో ఆకురాయి చప్పుడు కూడా ఆగింది.
(భోజనాల వేళ అయ్యుంటుంది.)
మూడింటికీ పిడి కుడివైపే,
కత్తెరలకీ కాలేజీ కుర్చీలకీ మల్లే.
తాత లెక్క మొదలుపెట్టాడు:
పిడి కోసి, అటు తిప్పి, ఏడాది పని, ఎకరం ఖర్చు.
పెన్సిలు నాకి నాకి నాలుక నల్లబడింది.

ఆమె ఆ లెక్క చూడలేదు.
చోళ్ళ బస్తా బల్ల మీదికి ఈడ్చింది.
ఇషాపూరుదాన్ని తెరిచి, ఖాళీయేనని రెండుసార్లు చూసి
బస్తా మీద ఆనించింది.
ఎడమ చెంప కర్రకి. ఎడమ వేలు మీట దగ్గర.
బరువంతా చోళ్ళు మోస్తున్నాయి.
కుడి చెయ్యి,
ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియని చెయ్యి,
లేచి, బోల్టు తీసి, వేసి, మళ్ళీ పడుకుంది.
చెంప కదల్లేదు.
"ఇది ఊరికే ఉంది కదా తాతా. పిడినలా వదిలేయండి."

తాత ఆమెతో మళ్ళీ చేయించాడు. మళ్ళీ.
నాలుగోసారి తనే కూర్చుని
మోచెయ్యి బల్లకి కొట్టుకుని ఒడియాలో తిట్టుకున్నాడు.

రాత్రి పద్దు నేనే రాశాను.
మౌజరు ఒళ్ళు ఒకటి. అడ్వాన్సు ఎనిమిది వేలు.
కర్ర: ఇంకా తేలలేదు.
కర్ర కొనకి గేదె కొమ్ము, పక్కింటి బాబాయి ఇస్తానన్నాడు.
పిడి: కుడివైపే.

రాసి చూస్తే పేజీ మీద నా వేళ్ళ మసి, రెండు మచ్చలు.
ఒకేలా పడ్డాయో లేదోనని
కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను.
చీకటి. వాన.